999 రూపాయల వాతావరణం యాప్, మా ఇడ్లీ పిండి, ఈ చలికాలం

నేను వాతావరణం మీద ఇష్టంతో ఈ యాప్ కొనలేదు, అది ముందే చెప్పేస్తున్నా. విజయవాడ సత్యనారాయణపురంలో ఇంట్లోనే ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి అమ్ముతాం. రోజుకి ముప్పై ఐదు కిలోల దాకా అవుతుంది. తెల్లారి ఐదింటికల్లా కవర్లలో పోసేస్తే మా ఆయన స్కూటర్ మీద చుట్టుపక్కల కిరాణా కొట్లకీ, మూడు టిఫిన్ బళ్ళకీ వేసొస్తారు. ఎండాకాలంలో పిండి ఆగదని ఏడుపు, చలికాలంలో పొంగదని ఏడుపు. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిదింటికి మినపగుళ్ళు నానేసి, సాయంత్రం నాలుగు నుంచి ఆరింటి లోపు రుబ్బి డబ్బాల్లో పెడితే తెల్లవారుజాము నాలుగింటికి చక్కగా పొంగి ఉంటుంది. చలి దిగిన రాత్రి ఆ పది గంటలు చాలవు, పధ్నాలుగు గంటలైనా కావాలి. అంటే మధ్యాహ్నం పన్నెండింటికే రుబ్బాలి, దానికి పొద్దున ఆరింటికే నానేయాలి, దానికి ముందురోజు రాత్రి పడుకునేటప్పుడే "రేపు రాత్రి చలి దిగుతుందా లేదా" అని నాకు తెలియాలి.

నేను అడిగేది అంతే. ముప్పై గంటల ముందు ఒక్క మాట చెప్పమని.

పైగా మాకు గిరాకీ పెరిగేది కూడా సరిగ్గా ఈ చలిలోనే. అయ్యప్ప మాలలు వేసుకున్న స్వాములు రాత్రిపూట టిఫినే తింటారు, ఆ తర్వాత భవానీ దీక్షలు, ఆపైన ధనుర్మాసం. బెజవాడలో డిసెంబర్ అంటే పిండి వ్యాపారానికి పెళ్ళిళ్ళ సీజన్ లాంటిది. అలాంటి నెలలో ఒక్క రాత్రి పిండి పొంగకపోతే పోయేది ఆ రోజు డబ్బులే కాదు, కొట్టువాడు పక్కవాళ్ళ పిండి పెట్టేసుకుంటాడు, ఇక మనకి ఆ కొట్టు పోయినట్టే.

అలా నవంబర్ చివర్లో ఏడాదికి 999 రూపాయలు కట్టి ఈ యాప్ తీసుకున్నా. పేరు రాయట్లేదు. నేను చెప్పబోయే లోపాల్లో సగం ఇలాంటి యాప్‌లలో చాలావాటికి ఉండేవే, ఒకళ్ళనే పేరుపెట్టి ఆడిపోసుకోవడం ఎందుకని. మా వీధిలో ఎవరి ఫోన్ చూసినా ఇలాంటివి ఒకటో రెండో ఉంటాయి, 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు సింగ్ నగర్‌ని ముంచిన దగ్గర నుంచీ మా వాళ్ళందరికీ ఆకాశం మీద అనుమానం పట్టుకుంది. కాకపోతే అందరూ వాన కోసం చూస్తారు, నేను చలి కోసం చూస్తాను. ఈ తేడా గుర్తుపెట్టుకుని చదవండి, ఎందుకంటే వానల్లో ఈ యాప్ ఎలా పనిచేస్తుందో నేనేమీ చెప్పలేను, నాకు ఆ పని పడలేదు.

ముందు తెలుగు సంగతి. యాప్‌లో తెలుగు ఉందని గొప్పగా రాసుకున్నారు. ఉంది, కానీ దాన్ని తెలుగు వచ్చినవాళ్ళు ఒక్కసారైనా చదివారా అని నా అనుమానం. డిసెంబర్ మొదటి వారంలో ఒక పొద్దున తెరిస్తే విజయవాడకి "మంచు" అని రాసి, పక్కన ఉత్తరాదిన హిమాలయాల్లో కురిసే మంచు గుర్తు, ఆ ఆరు కొమ్మల పువ్వు, వేసి పెట్టారు. మనకి పొగమంచూ మంచే, గడ్డి మీద పడేదీ మంచే, కాశ్మీర్‌లో కురిసేదీ మంచే, నిజమే, కానీ మనిషైతే ఏది ఎక్కడో తెలిసి రాస్తాడు కదా. మా అబ్బాయి ఆ బొమ్మ స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళ క్లాస్ గ్రూపులో పెట్టాడు, "ప్రకాశం బ్యారేజీ మీద స్కేటింగ్" అని. నేను రెండు రోజులకే ఇంగ్లీషులోకి మార్చేసుకున్నా.

ఇప్పుడు అసలు విషయం.

మొదటి దెబ్బ డిసెంబర్ రెండో వారంలో తగిలింది. మంగళవారం రాత్రి పడుకునే ముందు చూస్తే బుధవారం రాత్రి కనిష్ఠం 19 అంది. మాకు ఈ నెలల్లో 18, 19 మామూలే, కాబట్టి ఎప్పటిలాగే తొమ్మిదింటికి నానేశా. గురువారం తెల్లవారుజామున లేచి డబ్బా మూత తీస్తే పిండి రాత్రి పోసిన గీత దగ్గరే ఉంది, వేలు పెడితే సిమెంటు పాలులా జారిపోతోంది. మేడ మీద థర్మామీటర్‌లో 15. ఆ రోజు ఇరవై రెండు కిలోలు వెనక్కొచ్చాయి, కిలో అరవై చొప్పున లెక్క మీరే వేసుకోండి, యాప్ ఖరీదు కంటే ఎక్కువే. కోపమొచ్చి యాప్ తెరిచి చూస్తే అందులో ఆ రాత్రికి 16 అని ఉంది! మా అబ్బాయి చూసి చెప్పాడు, బుధవారం మధ్యాహ్నం అంకె మార్చారట. పొడి గాలి వాళ్ళు అనుకున్న దానికంటే సగం రోజు ముందే వచ్చేసిందన్నమాట. మార్చినందుకు తప్పు పట్టను, కొత్త లెక్క వచ్చినప్పుడు మార్చాల్సిందే. కానీ మూడు డిగ్రీలు కిందకి దించినప్పుడు డబ్బులు కట్టినవాళ్ళకి ఒక్క నోటిఫికేషన్ పంపరా? దీపావళి ఆఫర్ గురించి మాత్రం మూడుసార్లు పంపారు, అదీ దీపావళి అయిపోయాక.

రెండో దెబ్బ సరిగ్గా తిరగేసి తగిలింది. ఇంకో పది రోజులకి సాయంత్రం ఏడింటికి ఫోన్ ఎర్రగా మెరిసి "చలిగాలుల హెచ్చరిక" అంది. నాకు ఒకటే టెన్షన్. మర్నాడు ఆరింటికే నానేసి, ట్యాంకు నీళ్ళు చల్లగా ఉంటాయని బోరు నీళ్ళు పట్టి, అవీ కాస్త గోరువెచ్చన చేసి, పన్నెండింటికల్లా రుబ్బేసి, డబ్బాల చుట్టూ గోనెసంచులు చుట్టి, పైన అత్తయ్యగారి పాత రగ్గు కూడా కప్పాను. సాయంత్రానికి బంగాళాఖాతం వైపు నుంచి మబ్బులు పట్టాయి. రాత్రి 21కి కిందకి దిగలేదు. ఒంటిగంటకి వంటింట్లో ఏదో చప్పుడైతే వెళ్ళి చూశా, రెండు డబ్బాల మూతలు లేచిపోయి పిండి గచ్చు మీద పాకుతోంది. మిగిలింది ఎంత పులిసిందంటే, మా టిఫిన్ బండి బాబాయిగారు వాసన చూసి "అమ్మాయ్, ఇది పుల్లట్లకి తప్ప దేనికీ పనికిరాదు" అన్నారు. పాపం ఆయనే సగం ధరకి తీసుకుని పుల్లట్లు వేసి అమ్మేశారు.

ఆ రోజు మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని ఆ హెచ్చరిక పూర్తిగా తెరిచి చదివా. అది అల్లూరి సీతారామరాజు జిల్లాకి! పాడేరు, అరకు, లంబసింగి వైపు. లంబసింగి ఎక్కడ, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున కొండల్లో, మనమెక్కడ, కృష్ణ ఒడ్డున. ప్రభుత్వం వాళ్ళు జిల్లా పేరుతో సరిగ్గానే ఇచ్చిన హెచ్చరికని ఈ యాప్ వాళ్ళు "ఆంధ్రప్రదేశ్" అని తీసుకుని రాష్ట్రంలో అందరి ఫోన్లూ మోగించారు. ఇది మాత్రం క్షమించలేను.

అసలు చలిగాలులు అనే మాటకి వాతావరణ శాఖ దగ్గర ఒక లెక్క ఉంది, అది తెలిస్తే ఇలాంటి ఎర్ర నోటిఫికేషన్లకి సగం భయం పోతుంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో ఇంకా కిందకో పడాలి, అదీ ఆ రోజుల్లో మామూలుగా ఉండే దానికంటే కనీసం 4.5 డిగ్రీలు తక్కువై ఉండాలి. తీరంలోని కేంద్రాలకైతే 10 బదులు 15 చాలు. మన ఊళ్ళో 15 పడితే మనం మంకీ క్యాపులు తీస్తాం, బందరు రోడ్డు మీద స్వెట్టర్ల బళ్ళు వెలుస్తాయి, కానీ అది ఆ లెక్కలో చలిగాలి అవ్వాలని లేదు. మా పిండికి ఆ లెక్కతో పని లేదనుకోండి, దానికి 16 పడినా చలే.

రెండుసార్లు దెబ్బ తిన్నాక యాప్‌ని తీసిపారేద్దామనుకున్నా. డబ్బులు కట్టేశాం కదా అని ఉంచా, ఉంచినందుకు మంచిదైంది. ఎందుకంటే మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో కనిపించే ఆ అంకె ఈ యాప్‌లో అన్నిటికంటే పనికిమాలినది, అసలు సరుకంతా లోపలి పేజీల్లో ఉంది. గంట గంటకీ మేఘాలు ఎంత, గాలి ఎటునుంచి, డ్యూ పాయింట్ ఎంత అని గీతలు ఉంటాయి. డబ్బులు కట్టిన వాళ్ళకే కనిపిస్తాయి. ఆ మూడూ చూడటం అలవాటయ్యాక నాకు యాప్ చెప్పే అంకెతో పని లేకుండా పోయింది.

డ్యూ పాయింట్ అంటే గాలిలో ఉన్న తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. రాత్రి నేల చల్లబడుతూ ఆ అంకె దాకా దిగితే, తేమ బొట్లుగా మారుతూ కాస్త వేడిని వదులుతుంది, అక్కడి నుంచి చల్లబడటం మందగిస్తుంది. అందుకని సాయంత్రం డ్యూ పాయింట్ 18 ఉంటే ఆ రాత్రి చలి అంతకంటే బాగా కిందకి దిగడం కష్టం. అదే 12 ఉందనుకోండి, ఆకాశం తేటగా ఉండి గాలి ఆగిపోతే, కిందకి దిగడానికి అడ్డే లేదు. మేఘాలు ఉంటే అవి రగ్గులాగా నేల వేడిని పైకి పోనివ్వవు, నేను డబ్బాల మీద కప్పిన రగ్గు చేసే పనే. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, ఆ వారం పగలంతా తడికి వణికాం కానీ రాత్రిళ్ళు చలి పెద్దగా దిగలేదు, పిండి పొంగింది, కొనడానికి రోడ్డు మీద మనిషి లేడు అంతే. అప్పుడు ఎందుకో అర్థం కాలేదు, ఇప్పుడైంది.

గాలి సంగతి ఇంకా బాగుంటుంది. తూర్పు నుంచి వస్తే సముద్రపు తేమ మోసుకొస్తుంది. ఉత్తరం నుంచో వాయవ్యం నుంచో వస్తే పొడి గాలి. ఈ పొడి గాలి ఊరికే రాదు, పైన హిమాలయాల మీదుగా పశ్చిమ అలజడులు అనేవి, అంటే పడమటి నుంచి వచ్చి అక్కడ వానా మంచూ కురిపించేవి, దాటి వెళ్ళాక, వాటి వెనక చల్లగాలి కిందకి జారుతుంది, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, విదర్భ మీదుగా తెలంగాణలోకి, అక్కడి నుంచి మన మీదకి. మా అక్కా వాళ్ళు ఆదిలాబాద్‌లో ఉంటారు. అక్క ఫోన్ చేసి "ఒసేయ్, ఇవాళ కుళాయి తిప్పితే చేతులు తిమ్మిరెక్కాయే" అందంటే, నేను వెంటనే యాప్‌లో హైదరాబాద్ చూస్తా, అక్కడా రాత్రి అంకె పడిపోయి ఉంటే మాకు ఒకటి రెండు రోజుల్లో వస్తుందని సిద్ధంగా ఉంటా. ప్రతిసారీ మన దాకా రాదు, దారిలో తూర్పు గాలి ఎదురొస్తే అక్కడే ఆగిపోతుంది. అయినా జనవరి సగానికి వచ్చేసరికి నాకు అక్క ఫోనూ, డ్యూ పాయింట్ గీతా కలిపితే ముప్పై గంటల ముందు మాట దొరుకుతోంది. ఆ పద్ధతికి మారాక ఒక్క రాత్రే తప్పింది, అదీ కొంచెం.

యాప్‌కి న్యాయంగా ఒక మాట చెప్పాలి. చలి వస్తోందన్న సంగతి మూడు నాలుగు రోజుల ముందే దానికి బాగా తెలుస్తుంది, గీత కిందకి వంగుతుంది, అది దాదాపు ఎప్పుడూ నిజమైంది. ఏ రాత్రి, ఎన్ని డిగ్రీలు అన్న దగ్గరే తప్పుతుంది. అందులో యూరప్ వాళ్ళ మోడల్ (కంప్యూటర్లో వాతావరణం లెక్కకట్టే పద్ధతి), అమెరికా వాళ్ళ జీఎఫ్‌ఎస్ మోడల్ అని రెండు మార్చి చూసుకోవచ్చు, రెండూ ఒకటే చెప్తుంటే నేను నమ్ముతా, చెరో దారీ అయితే మధ్యాహ్నం మళ్ళీ చూస్తా. మా అబ్బాయి చెప్పిన దాని ప్రకారం యూరప్ మోడల్ భూమిని తొమ్మిది కిలోమీటర్ల గళ్ళుగా చేసి లెక్క కడుతుందట. ఆ ఒక్క గడిలో మన ఊరు తీసుకుంటే ఇంద్రకీలాద్రి రాళ్ళు, కృష్ణ నీళ్ళు, బీసెంట్ రోడ్డు సిమెంటు, మూడూ పడతాయి. అన్నిటికీ కలిపి ఒకటే అంకె. అది మా వంటింటికి సరిపోవాలని కోరుకోవడం నాదే తప్పు. గన్నవరం విమానాశ్రయం దగ్గర కొలిచే ఉష్ణోగ్రతకీ ఊరి నడిబొడ్డుకీ కూడా తేడా ఉంటుంది, అక్కడ చుట్టూ పొలాలు, ఇక్కడ గోడలు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతూ ఉంటాయి.

అందుకే ఈ సీజన్లో నేను పెట్టిన డబ్బుల్లో బాగా కలిసొచ్చింది యాప్ కాదు, 480 రూపాయలకి కొన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు. ఒకటి మేడ మీద నీడలో, ఒకటి పిండి డబ్బాల గదిలో. రాత్రంతా ఎంత కిందకి దిగిందో గుర్తుపెట్టుకుని పొద్దున చూపిస్తుంది, తేమ శాతం కూడా ఉంటుంది. మొదట తెలియక ఫ్రిజ్ పక్కన పెట్టా, కంప్రెసర్ వేడికి ఎప్పుడు చూసినా 27, నాలుగు రోజులు గదంతా వెచ్చగా ఉందని మురిసిపోయా. పక్క గోడకి మార్చాక నిజం తెలిసింది: బయట 18 ఉంటే గదిలో 24, బయట 15 అయితే గదిలో 21 పైన. పిండికి కావాల్సింది 26 నుంచి 30. ఈ తేడా రాసుకోవడానికి ఒక పాత లెక్కల పుస్తకం పెట్టా. ఇప్పుడు యాప్ ఏం చెప్పినా నా గది భాషలోకి మార్చుకుంటా.

అత్తయ్యగారికి ఇదంతా వింతే. ఆవిడ దగ్గర కొబ్బరినూనె సీసా ఉంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి సీసా తెల్లబడిందంటే గది అంతకంటే చల్లబడినట్టే. "నూనె పేరుకుంది, ఇవాళ పెందలాడే రుబ్బుకో" అంటారు. నా 480 రూపాయల మిషనూ ఆవిడ సీసా ఒకే మాట చెప్తాయి, కాకపోతే సీసా అయిపోయిన చలిని చెప్తుంది, నాకు కావాల్సింది రాబోయే చలి. ఆ మాట ఆవిడతో అనలేదు లెండి.

పొగమంచు విషయంలో యాప్‌కి పూర్తి మార్కులు. చలి దిగి, గాలి ఆగి, తేమ ఉన్న తెల్లవారుజామున కాలవగట్ల మీద ఏమీ కనపడదు. మా ఆయన ఐదింటికి ఏలూరు కాలువ పక్కనుంచి వెళ్ళాలి. ముందురోజు రాత్రే "పొద్దున నాలుగు నుంచి ఏడు దాకా పొగమంచు" అని చెప్పింది, జనవరిలో నాలుగైదుసార్లు, ఒక్కసారి తప్ప అన్నీ నిజమయ్యాయి. ఆ రోజుల్లో అరగంట ఆలస్యంగా పంపించి కొట్లవాళ్ళకి ముందే ఫోన్ చేసి చెప్పా. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఒక మాట, ఈ వివరాల్లో చాలా భాగం ఉచితంగానే దొరుకుతాయి. వాతావరణ శాఖ వాళ్ళ మౌసమ్ యాప్ ఉంది, అమరావతి వాతావరణ కేంద్రం రోజూ బులెటిన్ ఇస్తుంది. రైతుల కోసం పెట్టిన మేఘదూత్ యాప్‌లో జిల్లా వారీగా రాబోయే రోజుల కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు, గాలి, తేమ, మేఘాలు అన్నీ ఉంటాయి, మంగళ, శుక్రవారాల్లో పంటల సలహాలు కూడా ఇస్తారు, తెలుగులో. మేఘాలని ఆక్టాల్లో చెప్తారు, అంటే ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఎన్ని భాగాలు కప్పి ఉన్నాయని. సున్నా అని ఉంటే నేను పొద్దున్నే నానేస్తా. గుంటూరు వైపు మా పెదనాన్నగారు కళ్ళంలో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో దాన్నే చూస్తారు, మంచు పడేలా ఉంటే సాయంత్రమే పట్టా కప్పేస్తారు. ఆయన ఒక్క రూపాయి కట్టలేదు, నేను 999 కట్టానని చెప్తే ఒక నవ్వు నవ్వారు.

మరి డబ్బులు దేనికి కట్టినట్టు అంటే, గంట గంటకీ గీతలకి. రోజుకి ఒక అంకె చాలనుకునేవాళ్ళు కట్టక్కర్లేదు. నాలాగా రాత్రిని గంటల లెక్కన అమ్ముకునేవాళ్ళకి, పెరుగు తోడేసి అమ్మేవాళ్ళకి, తెల్లవారుజామున బండి తీసేవాళ్ళకి పనికొస్తుంది. "అనిపించే ఉష్ణోగ్రత" అని ఇంకోటి ఉంటుంది, దాన్ని వదిలేయండి, అది మనిషి ఒంటికి లెక్కకట్టింది, పిండికి అనిపించడాలు ఉండవు.

కస్టమర్ కేర్‌కి రెండు ఉత్తరాలు రాశా, జిల్లా పేరు లేకుండా హెచ్చరిక పంపడం గురించీ, మంచు బొమ్మ గురించీ. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వచ్చింది, మంచు బొమ్మ ఇంకా అక్కడే ఉంది.

అయిదుకి మూడు చుక్కలు ఇస్తున్నా. హెచ్చరికలు జిల్లాకి తగ్గట్టు పంపి, అంకె బాగా మారినప్పుడు ఒక్క మోత మోగిస్తే నాలుగిస్తా. కొనేవాళ్ళు ఏడు రోజుల ఉచిత ట్రయల్ తీసుకున్న రోజే ఆటోపే ఆపేసుకోండి, గుర్తుచేయకుండా లాగేస్తుంది, మా తోటికోడలికి అలాగే పోయాయి. హెచ్చరికల సెట్టింగ్‌లో "రాష్ట్రం" తీసేసి "నా ప్రదేశం" మాత్రమే ఉంచితే పాడేరు చలికి మీ ఫోన్ మోగదు, ఇది నేను జనవరి రెండో వారంలో గానీ కనిపెట్టలేదు, మూడో పేజీలో అడుగున ఉంటుంది.